ప్లాంటు డేటా హిస్టోరియన్: సర్వరు లెక్క, మాడ్యూళ్ల ఎంపిక, డెల్టా గాలికి తగిన జాగ్రత్తలు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ప్లాంటులో సిగ్నళ్లు ఎన్నో తేలకముందే సర్వరుకి కొటేషన్ తెప్పించడం సరిగ్గా ఇలాంటిదే. అమ్మేవాళ్లు ఇచ్చే ‘కనీస అవసరాలు’ కాగితంలో ప్రాసెసరు, ర్యాము, డిస్కు రాసి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి అవి చాలు. మూడేళ్ల డేటా చెక్కుచెదరకుండా నిలవడానికి ఏం కావాలో మాత్రం ప్లాంటువాళ్లే లెక్క వేసుకోవాలి.

హిస్టోరియన్ పని చిన్నదే. పీఎల్‌సీలు (యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్లు), కంట్రోలర్లు, మీటర్ల నుంచి వచ్చే ప్రతి విలువనీ టైముతో సహా దాచిపెట్టి, అడిగినప్పుడు గ్రాఫుగానో రిపోర్టుగానో ఇస్తుంది. అవీవా పీఐ, ప్రొఫిసీ, ఆస్పెన్, ఇగ్నిషన్, ఏది కొన్నా కింద చెప్పే లెక్క మారదు. ఉదాహరణకి భీమవరం, ఆకివీడు వైపు కనిపించే మధ్యరకం రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఒకటి తీసుకుందాం. అందులో 4 అమ్మోనియా కంప్రెసర్లు, 6 ఫ్రీజర్లు, 4 కోల్డ్ స్టోర్లు, ఊక బాయిలరు, కుక్కరు, ఈటీపీ (మురుగునీటి శుద్ధి) ఉన్నాయనుకోండి. రైస్ మిల్లుకైనా, తవుడు నూనె ఫ్యాక్టరీకైనా అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే.

1. ముందు ట్యాగులు లెక్కపెట్టండి

ఒక సిగ్నలుకి ఒక ట్యాగు. కంప్రెసరు ఒక్కటే 20 ట్యాగులు తింటుంది: సక్షన్ ప్రెషర్, డిశ్చార్జ్ ప్రెషర్, డిశ్చార్జ్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్, స్లైడ్ వాల్వు ఎంత తెరిచి ఉందో, మోటారు ఆంప్స్, ఆపైన ట్రిప్పులు, అలారాలు. నాలుగింటికి 80. ఫ్రీజర్లకి 12 చొప్పున 72. కోల్డ్ స్టోర్లకి 8 చొప్పున 32. ఎనర్జీ మీటర్లు 20 ఉంటే పదేసి చొప్పున 200. బాయిలరుకి 30, ఈటీపీ, ఆర్‌ఓ కలిపి 40, కుక్కరుకి 16, అమ్మోనియా లీక్ డిటెక్టర్లకి 12. పంపులు, ఫ్యాన్లు, తలుపుల ఆన్, ఆఫ్ స్థితులు 118. మొత్తం 600.

ఈ 600లో మూడో వంతు కరెంటు మీటర్లదే. మీటరులో కనిపించిన రిజిస్టరునల్లా (ఒక్కో కొలత ఉండే గడి) ట్యాగుగా పెట్టేస్తే ఇలాగే అవుతుంది. ఫేజు ఫేజుకీ వోల్టేజీ, హార్మోనిక్స్ ఎవరూ తెరిచి చూడరు. యూనిట్లు, కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్, సగటు వోల్టేజీ, సగటు కరెంటు అనే అయిదూ ఉంచితే 100తో సరిపోతుంది. చాలా కంపెనీలు లైసెన్సుని అంచెలుగా అమ్ముతాయి కాబట్టి ఈ కోత ఒక్కోసారి ఒక అంచె మొత్తం తగ్గిస్తుంది. అయినా ఇప్పటి లెక్కమీద పాతిక శాతం ఖాళీ ఉంచుకోండి. కొత్త ఫ్రీజరు ఒకటి వచ్చేసరికి 12 ట్యాగులు, దాని మోటార్లతో కలిపి 20 దాటిపోతాయి.

కొనేముందు మూడు ప్రశ్నలకి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. లెక్కగట్టి పుట్టించే ట్యాగులు, అంటే టన్ను రొయ్యకి ఎన్ని యూనిట్లు లాంటివి, లైసెన్సులో లెక్కకొస్తాయా? ఆపేసిన ట్యాగు లెక్కలోంచి పోతుందా? లైసెన్సు సంఖ్య దాటితే ఏమవుతుంది: కొత్త ట్యాగు పుట్టదా, పాతవీ ఆగిపోతాయా? మూడోదాని జవాబు నోటిమాటగా వింటే లాభం లేదు.

జాబితాని ఎక్సెల్‌లో పెట్టండి. ట్యాగు పేరు, వివరణ, కొలమానం, కనిష్ఠం, గరిష్ఠం, ఏ పీఎల్‌సీ, ఏ అడ్రసు, ఎన్ని సెకన్లకోసారి, డెడ్‌బ్యాండు (ఎంత మారితే నమోదు చేయాలి), చివర్న ‘ఎవరికి కావాలి’. ఆ చివరి గడి ఖాళీగా ఉన్న వరుసని కొట్టేయండి. పేరులో ఖాళీలు వద్దు. విభాగం, యంత్రం, కొలత అనే వరుస తప్పొద్దు. ‘టెంప్ 1’, ‘టెంప్ 2 కొత్తది’ అనే పేర్లు రెండేళ్ల తర్వాత పెట్టినవాడికే అర్థం కావు.

2. ఎన్ని సెకన్లకోసారి, ఎన్ని జీబీలు

కోత సంగతి పక్కనపెట్టి మొత్తం 600 ట్యాగుల్నీ సెకనుకోసారి తీసుకుంటే రోజుకి 600 × 86,400 = 5.18 కోట్ల విలువలు. ఒక్కో విలువకి టైము 8 బైట్లు, విలువ 4, క్వాలిటీ (విలువని నమ్మొచ్చో లేదో చెప్పే గుర్తు) 2, ఇండెక్సు వాటా కలిపి 16 బైట్లు వేసుకుంటే రోజుకి 829 ఎంబీ, ఏడాదికి 303 జీబీ.

కోల్డ్ స్టోరు టెంపరేచరు సెకనులో ఏం మారుతుంది? తలుపు బార్లా తెరిచినా నిమిషాల లెక్కే. కంప్రెసర్లు, కుక్కరు, అమ్మోనియా డిటెక్టర్లు కలిపి 108 ట్యాగులు సెకనుకోసారి. ఫ్రీజర్లు, బాయిలరు, మీటర్లు కలిపి 302 ట్యాగులు 10 సెకన్లకోసారి. కోల్డ్ స్టోర్లు, ఈటీపీ 72 ట్యాగులు నిమిషానికోసారి. ఆన్, ఆఫ్‌లు మారినప్పుడే. ఇప్పుడు రోజుకి 1.2 కోట్ల విలువలు, 193 ఎంబీ, ఏడాదికి 70 జీబీ. అయిదేళ్లు దాచినా 350 జీబీ. ఇంత చిన్న ప్లాంటుకి టెరాబైట్ల డిస్కు చూపించి భయపెట్టేవాళ్లని ఈ లెక్క అడగండి.

ఎన్నేళ్లు దాచాలన్నది కూడా ఇక్కడే తేల్చాలి. అమెరికాకి రొయ్య పంపే ప్లాంటుకి వర్తించే సీఫుడ్ హ్యాసెప్ (ఆహార భద్రత) నిబంధన ప్రకారం ఫ్రోజెన్ సరుకు రికార్డులు కనీసం 2 ఏళ్లు ఉంచాలి. మూడేళ్లు పూర్తి డేటాగా ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఆడిటరు ఎప్పుడొచ్చినా ఇబ్బంది లేదు.

3. డెడ్‌బ్యాండు: అసలు పొరపాట్లన్నీ ఇక్కడే

విలువ కాస్త కూడా మారనప్పుడు దాచడం దండగ. అందుకే రెండు జల్లెళ్లు ఉంటాయి. మొదటిది పీఎల్‌సీ నుంచి చదివి పంపే కలెక్టరు దగ్గర: ఇంతకన్నా ఎక్కువ మారితేనే సర్వరుకి పంపు అనేది. రెండోది సర్వరు దగ్గర: వరుస విలువలు ఒకే గీతమీద నడుస్తుంటే మధ్యవి వదిలేసి మలుపులు మాత్రం దాచేది. దీన్నే స్వింగింగ్ డోర్ అంటారు. మొదటి జల్లెడ రెండోదానిలో సగం ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. రెండోది సెన్సారు కచ్చితత్వాన్ని మించకూడదు.

చాలా సాఫ్ట్‌వేర్లు ఈ జల్లెడని ట్యాగు రేంజిలో శాతంగా పెడతాయి, 0.1, 0.2 శాతం అలా. టెంపరేచరుకి రేంజి −50 నుంచి +50 అయితే 0.2 శాతం అంటే 0.2 డిగ్రీ, బాగానే ఉంది. అదే శాతాన్ని యూనిట్ల మీటరు మీద వదిలేశారనుకోండి. మీటరు రేంజి 0 నుంచి 10,00,000. దానిలో 0.2 శాతం అంటే 2,000 యూనిట్లు. 2,000 యూనిట్లు కాలేదాకా ఒక్క మలుపూ నమోదు కాదు. షిఫ్టువారీ కరెంటు రిపోర్టు అడిగితే రాత్రి షిఫ్టుకి సున్నా, పొద్దుటి షిఫ్టుకి రెండింతలు వస్తుంది. మీటరు మార్చేసి, కేబుల్ మార్చేసి, చివరికి ఇక్కడికొస్తారు. లెక్కపెరుగుతూ పోయే ట్యాగులన్నిటికీ, నీళ్ల ఫ్లో మీటరు మొత్తం, ఆవిరి మొత్తం, యూనిట్లు, జల్లెడని శాతంలో కాకుండా నేరుగా 1 యూనిట్ అనో 0.1 ఘనమీటరు అనో పెట్టండి. పైన లెక్కలో చూసినట్టు డిస్కు పెద్దగా పట్టదు. అనుమానంగా ఉంటే జల్లెడ తీసేయడమే మేలు.

ఫ్రీజరు ప్రోబ్ విషయం ఇంకా సున్నితం. బ్లాక్ మధ్యలో గుచ్చిన ప్రోబ్ గ్రాఫు చూడండి: గబగబా దిగి, సున్నాకి కాస్త కింద చాలాసేపు దాదాపు అడ్డంగా నడుస్తుంది. అప్పుడు లోపలి నీరు గడ్డకడుతూ ఉంటుంది. అది అయ్యాక మళ్లీ దిగుడు మొదలై −18 వైపు పోతుంది. ఆ అడ్డగీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిస్తేనే ఫ్రీజరు ఎంత బలంగా లాగుతోందో తెలుస్తుంది. ఒక డిగ్రీ డెడ్‌బ్యాండు పెడితే ఆ రెండు మలుపులూ ఇరవై నిమిషాలు అటూ ఇటూ జరుగుతాయి. ప్రోబ్ ట్యాగులకి 0.1 డిగ్రీ మించొద్దు.

4. సర్వరు

600, 700 ట్యాగులకి 4 కోర్లు, 16 జీబీ ర్యాము హాయిగా సరిపోతాయి. యంత్రాల నమూనా, వెబ్ డ్యాష్‌బోర్డు మాడ్యూళ్లు అదే సర్వరు మీద పెడితే 32 జీబీ వేయండి. అవి వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వరు అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్ నడుపుతాయి, దానికి ఎంత ర్యాము ఇస్తే అంతా పట్టేసుకుంటుంది. ఎస్‌క్యూఎల్‌కి గరిష్ఠ ర్యాము పరిమితి చేత్తో పెట్టకపోతే హిస్టోరియన్‌కే ఊపిరాడదు.

డిస్కులు మూడు రకాల పనికి మూడు వేరుగా ఉంచండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి రెండు ఎస్‌ఎస్‌డీలు రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండింట్లోనూ పడేలా. డేటా ఫైళ్లకి ఇంకో రెండు, అవీ రెయిడ్ 1లో. బ్యాకప్‌కి వేరే పెట్టె. రెయిడ్ అంటే బ్యాకప్ అనుకోవడం చాలా చోట్ల కనిపించే భ్రమ. తప్పుడు కమాండుతో చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణాన చెరిగిపోతుంది.

స్కాడాతో (ప్లాంటుని తెరమీద చూసి నడిపే సాఫ్ట్‌వేర్) ఉచితంగా వచ్చే ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్‌లోనే డేటా అంతా దాచుకుందాం అనేవాళ్లుంటారు. 2022 దాకా వచ్చిన వెర్షన్లలో దానికి ఒక డేటాబేసు 10 జీబీ మించకూడదు. మన ప్లాంటు రోజుకి 1.2 కోట్ల వరుసలు రాస్తుంది. వరుసకి 40 బైట్లే వేసుకున్నా రోజుకి 480 ఎంబీ, మూడు వారాల్లో గిన్నె నిండిపోతుంది. నిండాక కొత్త విలువలు రాయడం మానేస్తుంది, గ్రాఫు మాత్రం పాతది చూపిస్తూనే ఉంటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో మద్దతు తేదీలు చూసుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ సర్వర్ 2016కి 2027 జనవరి 12, 2019కి 2029 జనవరి 9, 2022కి 2031 అక్టోబరు 14 వరకు ఉంది. కొత్తగా పెట్టేవాళ్లు 2016 లైసెన్సు చవకగా దొరికిందని తీసుకోవడం తెలివైన పని కాదు. అలాగే విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు కోర్ల లెక్కన, ఒక్కో సర్వరుకి కనీసం 16 కోర్లకి కొనాలి. మీ యంత్రంలో 4 కోర్లే ఉన్నా బిల్లు 16కే.

వర్చువల్ మెషీన్‌లో, అంటే ఒక సర్వరులో సాఫ్ట్‌వేర్‌తో పుట్టించిన ఇంకో కంప్యూటరులో, పెట్టవచ్చు. స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు నకలు, తీసి వారాల తరబడి వదిలేయకండి. దాన్ని వెనక్కి తిప్పితే ఆ వారాల డేటా అంతా గాలిలో కలిసిపోతుంది.

5. గది, కరెంటు, గాలి

డెల్టాలో సర్వరు చచ్చేది ఎక్కువగా తేమతోనే. జూన్, జులైలో బయట 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా మారే టెంపరేచరు) 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏసీతో 22 డిగ్రీలకి చల్లబడ్డ పెట్టెలమీద, తలుపు తెరిచి ఆ గాలి తగిలితే సర్రున చెమ్మ పడుతుంది. కాబట్టి గదిని 18 దగ్గర గడ్డకట్టించకండి; ఐటీ యంత్రాలకి సిఫార్సు చేసే హద్దు 18 నుంచి 27 డిగ్రీలు, మన దగ్గర 25, 26 దగ్గర నిలకడగా ఉంచడం మేలు. రాత్రి ఏసీ ఆపి పొద్దున వేయడం అన్నిటికన్నా చెడ్డది. తలుపు తానంతట మూసుకునేలా క్లోజరు బిగించండి.

ఉప్పుగాలి నరసాపురం, అంతర్వేది వైపు ఎక్కువ. కానీ సముద్రానికి దూరంగా ఉన్న ఫ్రీజింగ్ ప్లాంటుకీ ఒక శత్రువు ఉంది: అమ్మోనియా. అది రాగిని తింటుంది. కంప్రెసరు గదికి ఆనుకున్న గదిలో, ఒకే పైకప్పు కింద, సర్వరు పెట్టొద్దు. కనెక్టర్ల మీద ఆకుపచ్చ పొడి కనిపించడం మొదలైతే ఆ గది పనికిరాదని అర్థం. కంప్రెసరు హాల్లో తప్పక ఉండాల్సిన ప్యానెళ్లకి దుమ్ము, నీటి చిమ్ము దూరని ఐపీ 65 డబ్బా, లోపలి కార్డులకి కన్ఫార్మల్ కోటింగ్ (రక్షణ పూత) అడగండి.

నేల అంతస్తు వద్దు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరదని చూసిన ప్రాంతం ఇది. అంత వరద రాకపోయినా భూగర్భజలం పైకే ఉంటుంది, నాలుగు రోజులు వాన పడితే కేబుల్ ట్రెంచి నిండుతుంది. కేబుళ్లు పైనుంచి ట్రేలో తీసుకురండి. ఊక, ధాన్యం ఉన్నచోట ఎలుకలు ఖాయం. ట్రే గోడలోకి దూరే ప్రతి కన్నం మూసేయండి.

రెండు బిల్డింగుల మధ్య రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగకండి. దూరం 100 మీటర్ల లోపే ఉన్నా వద్దు. రెండు ఎర్తింగుల మధ్య వోల్టేజీ తేడా, వేసవి పిడుగులు కలిస్తే స్విచ్ పోర్టులు వరుసగా పోతాయి. ఫైబర్ వేయండి.

యూపీఎస్ లెక్క: సర్వరు, స్విచ్, ఫైర్‌వాల్, కలెక్టరు పీసీ కలిపి 500 వాట్లు అనుకుందాం. 12 వోల్టుల 42 ఏహెచ్ బ్యాటరీలు మూడైతే కాగితం మీద 1,500 వాట్ అవర్లు, అంటే 3 గంటలు. ఇన్వర్టరు నష్టం, బ్యాటరీ వయసు, వేడి తీసేసి సగం వేసుకోండి. ముఖ్యమైనది ఎంతసేపన్నది కూడా కాదు. బ్యాటరీ అడుగంటేలోపు సర్వరుని మర్యాదగా ఆపించే కేబుల్, సాఫ్ట్‌వేర్ పెట్టారా లేదా అన్నది. జనరేటరు 15 సెకన్లలో అందుకుంటుందిలే అని దీన్ని వదిలేస్తారు. డీజిల్ అయిపోయిన రాత్రి డేటా ఫైలు మధ్యలో విరుగుతుంది.

6. కలెక్టరు: డేటా పోయేది, నిలిచేది ఇక్కడే

కలెక్టరు అంటే పీఎల్‌సీ పక్కన కూర్చుని చదివి సర్వరుకి పంపే చిన్న ప్రోగ్రాము. దాన్ని సర్వరులోనే పెట్టేయడం కనిపించే పొరపాటు. వేరే చిన్న ఫ్యాన్‌లెస్ పీసీలో, పీఎల్‌సీ ఉన్న నెట్‌వర్క్‌లోనే పెట్టండి. సర్వరుతో లింకు తెగినప్పుడు తన డిస్కులో దాచుకుని, తిరిగి వచ్చాక పంపే బఫరు దీనికి ఉండాలి. ఈ బఫరు కొన్ని సాఫ్ట్‌వేర్లలో కలిసే వస్తుంది, కొన్నింట్లో విడిగా కొనాలి. విడిగా అయినా మారుమాట లేకుండా కొనాల్సింది ఇదొక్కటే.

తుపాను వచ్చి సర్వరు గది వారం మూతపడిందనుకోండి. 7 రోజులకి 1.4 జీబీ. సాధారణంగా కొన్ని వందల ఎంబీలకి పెట్టి ఉన్న పరిమితిని 5 జీబీ చేసేయండి. సర్వరు తిరిగొచ్చాక 8.4 కోట్ల విలువలు పంపాలి. సెకనుకి 5,000 చొప్పున 4 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఆలోపు గ్రాఫులో గుంత కనిపించి కంగారుపడి కలెక్టరుని రీస్టార్టు చేసేవాళ్లుంటారు. ఓపిక పట్టమని బోర్డు పెట్టండి.

మోడ్‌బస్ (విలువలు అడిగి తెచ్చుకునే పద్ధతి) మీటర్లు: ఆర్‌ఎస్ 485 అనే వైర్ల లైను మీద సెకనుకి 9,600 బిట్ల వేగంలో ఒక బైటుకి ఒక మిల్లీసెకను పైచిలుకు. అడిగేది 8 బైట్లు, 20 రిజిస్టర్ల జవాబు 45 బైట్లు, మీటరు ఆలోచించుకునే టైము కలిపి ఒక మీటరుకి సుమారు 105 మిల్లీసెకన్లు. 20 మీటర్లకి 2.1 సెకన్లు. 10 సెకన్ల స్కానుకి దర్జాగా సరిపోతుంది. ఇప్పుడు మూడు మీటర్లకి కరెంటు తీసేశారనుకోండి. టైమ్ అవుట్ 1 సెకను, మూడు ప్రయత్నాలు అని ఉంటే ఆ మూడూ కలిసి 9 సెకన్లు మింగుతాయి. మిగతా 17కి 1.8. మొత్తం 10.8 సెకన్లు, స్కాను దాటిపోయింది. బాగున్న మీటర్ల డేటా కూడా ఎగిరెగిరి వస్తుంది, తప్పు వాటిదనుకుంటారు. టైమ్ అవుట్ 300 మిల్లీసెకన్లు, ప్రయత్నం ఒకటి చాలు. లైను రెండు కొసల్లోనే 120 ఓమ్ రెసిస్టర్ ఉండాలి. డ్రైవ్ మోటారు కేబుళ్లతో కలిపి ఒకే ట్రేలో వేయకూడదు.

కొత్త మీటరులో అంకెలు పిచ్చిగా వస్తే ఒక విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది కాబట్టి ముందు వాటి వరుస తిప్పి చూడండి. వరుస తిరగబడితే 230.0 వోల్టులు సున్నాగా కనిపిస్తుంది, 231.4 వోల్టులు 24 అంకెల సంఖ్యగా కనిపిస్తుంది. కాసేపు సున్నా, కాసేపు కొండంత సంఖ్య వస్తుంటే మీటరు మంచిదే, వరుసే తప్పు. విలువ పక్క రిజిస్టరుది వస్తుంటే అడ్రసు ఒకటి తగ్గించండి. మాన్యువల్‌లో 40001 అని రాసింది లైను మీద 0.

పీఎల్‌సీల డేటాని విండోస్ ప్రోగ్రాములకి అందించే పాత పద్ధతి ఓపీసీ డీఏ వాడుతుంటే ఒక సంగతి. అది విండోస్‌లో పీసీల మధ్య ప్రోగ్రాములు మాట్లాడుకునే డీకామ్ మీద నడుస్తుంది. డీకామ్ భద్రత బిగింపుని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో మామూలుగానే ఆన్ చేసి, 2023 మార్చి 14 నుంచి ఆపే వీలు లేకుండా చేసింది. అప్‌డేటు పడిన రాత్రి నుంచి రెండు పీసీల మధ్య డేటా ఆగిపోయిన చోట్ల కారణం ఇదే. కలెక్టరుని ఓపీసీ సర్వరు ఉన్న పీసీలోనే పెడితే ఈ తలనొప్పి పోతుంది. కొత్తగా అయితే దాని తర్వాతి తరం ఓపీసీ యూఏ తీసుకోండి. ఒక్క పోర్టు, మామూలుగా 4840, తెరిస్తే చాలు. మొదటిసారి కనెక్టు కాకపోతే సర్టిఫికెట్లు చూడండి: అవతలి పక్క ‘తిరస్కరించినవి’ ఫోల్డరులో మీది పడి ఉంటుంది, ‘నమ్మినవి’లోకి మార్చాలి. కంప్యూటరు పేరు మార్చినా, గడియారం తప్పినా, గడువు తీరినా మళ్లీ ఇదే కథ. గడువు తేదీని క్యాలెండరులో రాసుకోండి.

4–20 మిల్లీఆంప్ సెన్సార్లకి ఒక ప్రమాదం ఉంది. వాటిలో 4 మిల్లీఆంప్ అంటే రేంజి కింది కొస, 20 అంటే పై కొస; −50 నుంచి +50 రేంజిలో వైరు తెగితే కరెంటు 0, లెక్క ప్రకారం −75 డిగ్రీలు. కోల్డ్ స్టోరు ‘బ్రహ్మాండంగా చల్లగా’ ఉన్నట్టు కనిపిస్తుంది, వేడెక్కిందన్న అలారం ఎప్పటికీ మోగదు. 3.6 మిల్లీఆంప్ కిందికి పోతే ఆ విలువకి చెడు క్వాలిటీ గుర్తు పెట్టేలా పీఎల్‌సీలోనే రాయించండి.

7. గడియారం

డేటా అంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైము) దాచి, తెరమీద 5 గంటల 30 నిమిషాలు కలిపి చూపించాలి. సర్వరు, కలెక్టర్లు, పీఎల్‌సీలు అన్నీ ఒకే టైమ్ సర్వరుని అనుసరించాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో నిక్ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతో గడియారాలు కలపమని, లాగ్‌లు 180 రోజులు ఉంచమని, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో చెప్పమని ఉంది. ప్లాంటు నెట్‌వర్క్‌కి ఇంటర్నెట్ ఇవ్వకుండా, ఫైర్‌వాల్ దగ్గర ఒక్క యంత్రం బయటినుంచి టైము తెచ్చి లోపల పంచితే చాలు. పీఎల్‌సీలో బ్యాటరీ అయిపోతే దాని తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ టైముతో వచ్చిన విలువలు పాత ఫైళ్లలో ఎక్కడో పడతాయి. అందుకే చిన్న పీఎల్‌సీల విషయంలో కలెక్టరు టైమునే నమ్మండి.

8. ఏ మాడ్యూలు కొనాలి

కేటలాగులో పదిహేను ఉంటాయి. ఒక్కోదానికీ ఒకటే ప్రశ్న: పొద్దున షిఫ్టు మొదలవగానే దీన్ని తెరిచేది ఎవరు? పేరు చెప్పలేకపోతే వదిలేయండి.

ఎక్సెల్ యాడ్–ఇన్ కొనండి. అకౌంట్స్ నుంచి క్వాలిటీ దాకా అందరూ వాడేది అదే. ఆఫీసు 32 బిట్టా 64 బిట్టా అన్నది యాడ్–ఇన్‌తో కలవాలి, కలవకపోతే మెనూలో అసలు కనిపించదు. సెకను డేటా అంతా దించుకునే అలవాటు మాన్పించండి. ఒక ట్యాగు ఒక రోజుకి 86,400 వరుసలు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే కాబట్టి 13వ రోజు మొదట్లోనే తెగిపోతుంది. గంట సగటులు, కనిష్ఠ గరిష్ఠాలు అడగడం నేర్పండి.

బ్యాచ్ లేదా ఈవెంట్ మాడ్యూలు ఫ్రీజింగ్ ప్లాంటుకి బాగా పనికొస్తుంది. ఫ్రీజరు తలుపు మూసిన క్షణం నుంచి ప్రోబ్ −18 చేరేదాకా ఒక ఘటనగా గుర్తించి, లాట్ నంబరు తగిలిస్తుంది. ‘ఫలానా లాట్ ఎంతసేపు గడ్డకట్టింది’ అనే ప్రశ్నకి అరగంట గ్రాఫు వెతుకులాట పోయి ఒక వరుస చాలవుతుంది. లాట్ నంబరు చేత్తో ఎక్కించే తెర కూడా దీనితో ఉండాలి, లేకపోతే సగం ప్రయోజనమే.

యంత్రాల నమూనా, అంటే ట్యాగుల్ని కంప్రెసరు, ఫ్రీజరు అని చెట్టులా అమర్చే మాడ్యూలు, ఒకే రకం యంత్రాలు పదీ పదిహేను ఉన్నచోట లాభం. నాలుగు కంప్రెసర్లకి పేర్లు క్రమంగా పెట్టుకుంటే చాలు.

ఎస్‌ఎంఎస్ అలారం మాడ్యూలు కొనేముందు డీఎల్‌టీ (కంపెనీలు పంపే ఎస్‌ఎంఎస్‌ల నమోదు వ్యవస్థ) సంగతి చూసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం కంపెనీ పేరు, హెడరు (పంపేవారి గుర్తు), సందేశం నమూనా ముందుగా నమోదు చేయాలి. నమూనాకి తేడాగా ఒక్క పదం మారినా సందేశం పోదు. అలారం మాటల్ని ముందే ఖాయం చేసి, మారే చోట విలువ, గది పేరు మాత్రం పెట్టండి. సిమ్ పెట్టే మోడెం వాడితే ఈ గొడవ ఉండదు గాని, తుపానులో టవరు పోతే రెండూ ఒకటే. గోడమీద సైరన్ తీసేయొద్దు. కోల్డ్ స్టోరు అలారానికి డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచు కరిగించే) టైముని మించిన ఆలస్యం, అరగంట లాంటిది, పెట్టండి. లేదంటే రోజూ డీఫ్రాస్ట్ అయినప్పుడల్లా మోగి, వారంలో ఎవరో దాని నోరు నొక్కేస్తారు.

ఆడిట్ ట్రయల్, ఎలక్ట్రానిక్ సంతకం మాడ్యూలు కాగితం రికార్డు మానేసి తెరమీద సంతకంతోనే నడుపుదామనుకునే ప్లాంటుకి కావాలి. కాగితం మీదే సంతకాలు పెడుతూ ఇది కొంటే షో.

రెండో సర్వరుతో నడిచే రిడండెన్సీ ఈ పరిమాణం ప్లాంటుకి ఖర్చే. కలెక్టరు బఫరు సరిగా ఉంటే సర్వరు రెండు రోజులు ఆగినా డేటా పోదు. క్లౌడ్ కనెక్టర్, మెషీన్ లెర్నింగ్ లాంటివి ఏడాది డేటా చేతిలో పడ్డాక చూడవచ్చు. చక్కెర, డిస్టిలరీ, పేపరు మిల్లులు ఒక సంగతి గమనించాలి: అవి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) గుర్తించిన, ఎక్కువ కాలుష్యం చేసే 17 వర్గాల్లో ఉంటాయి, ఉద్గారాలు, వ్యర్థజలాల డేటా ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ పంపే గొట్టాన్ని హిస్టోరియన్‌తో కలపకుండా విడిగా ఉంచడమే క్షేమం. ఒకటి ఆగితే రెండోది ఆగకూడదు.

9. ఎక్కించే వరుస

విండోస్, అప్‌డేట్లు, గడియారం, ఫైర్‌వాల్, ఆ తర్వాతే హిస్టోరియన్. డేటా ఫైళ్ల ఫోల్డరుని యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పించండి. లేదంటే అది ప్రతి రాతనీ పట్టుకుని చూస్తూ ఉంటుంది, రాత్రి స్కాను మొదలైనప్పుడు డేటాలో గుంతలు పడతాయి. విండోస్ తనంతట రీస్టార్టు కావడం ఆపి, నెలకోరోజు చేత్తో చేయండి. పవర్ సేవింగ్ తీసేయండి, నెట్‌వర్క్ కార్డుది కూడా. ఒకే సర్వరుకి రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి ఒకటి ఆఫీసుకి, ఒకటి ప్లాంటుకి కలపడం ఫైర్‌వాల్ కాదు, దొడ్డిదారి.

మొదట 20 ట్యాగులే ఎక్కించి మూడు రోజులు నడపండి. అవి కుదిరాక మిగతావి.

10. బిల్లు పాస్ చేసే ముందు పరీక్షలు

ఐస్ ముక్కలు, నీళ్లు కలిపిన ఫ్లాస్కులో ప్రోబ్ ముంచి పది నిమిషాలు ఆగండి. హిస్టోరియన్ గ్రాఫులో 0 డిగ్రీలు రావాలి. ప్యానెల్ మీద సరిగా ఉండి ఇక్కడ ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే రేంజి తప్పు రాశారు. ప్యానెల్ మీదే తేడా ఉంటే పీటీ 100 (వేడిని బట్టి రెసిస్టెన్సు మారే ప్రోబ్) వైర్లు చూడండి. ఒక ఓమ్ ఎక్కువైతే 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

కలెక్టరు నెట్‌వర్క్ కేబుల్ పీకి ఒక గంట వదిలేయండి. తిరిగి పెట్టాక ఆ గంటలో ఒక సెకను ట్యాగుకి ఎన్ని విలువలున్నాయో లెక్కపెట్టండి, డెడ్‌బ్యాండు తీసేసి. 3,600 రావాలి. తర్వాత సర్వరు మెయిన్స్ ప్లగ్ తీయండి, యూపీఎస్ మీద తనంతట ఆగి, కరెంటు రాగానే తనంతట లేవాలి. ఒక సెన్సారు వైరు విప్పండి, చెడు క్వాలిటీ గుర్తు రావాలి, −75 కాదు.

చివరిది ఎవరూ చేయనిది: నిన్నటి బ్యాకప్‌ని ఇంకో కంప్యూటరులో తిరిగి ఎక్కించి, పోయిన నెల ఒక లాట్ గ్రాఫు తెరవండి. అది తెరుచుకున్నాకే సంతకం పెట్టండి. బ్యాకప్ ప్రతిని ప్లాంటు ఆవరణలోనే కాక వేరే ఊళ్లోనూ, కనీసం రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఒకటి, ఉంచండి.